మిషను పలకరించిన రోజు

పెళ్ళికి వెళ్ళినా, పెద్దకర్మ భోజనానికి వెళ్ళినా, తెనాలి స్టేషన్లో బండి కోసం నిలబడినా జనం నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. “షుగర్ చూసుకునే మిషను ఏది మంచిదండి?” రిటైరై రెండేళ్ళు దాటినా అడగడం మానలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి, అడగడంలో తప్పు లేదు. ఒకప్పుడు ఈ ప్రశ్న వింటే నాకు ఎక్కడలేని హుషారు వచ్చేది. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా సరే, అరగంట ఉపన్యాసం దంచేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. “మీ ఇంట్లో ఆ మిషను చూసేదెవరు?” అని. అడిగినవాళ్ళు నావైపు వింతగా చూస్తారు. ఆ ఎదురు ప్రశ్న నాకెలా అలవాటైందో ల్యాబుల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను.

నా ఆఖరి పోస్టింగు రేపల్లెలో. ఇల్లు తెనాలి. పొద్దున బండిలో వెళ్ళడం, సాయంత్రం బండిలో రావడం. ల్యాబ్ అంటే ఒక గది, రక్తపరీక్షలు చేసే పెద్ద మిషను, ఒక ఫ్రిజ్జు, నేను. పక్క గదిలో షుగరు, బీపీ ఉన్నవాళ్ళను చూసుకునే సిస్టర్. ఎదురుగా మందులిచ్చే ఫార్మసిస్టు. సిస్టర్ ఊళ్ళోనే ఉండేది. మనిషి నెమ్మది, మాట మాత్రం నిక్కచ్చి. ఫార్మసిస్టు నన్ను “గురువుగారూ” అనేవాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

ఒకరోజు ఓ భార్యాభర్తలు వచ్చారు. రేపల్లె దాటి ఇంకా కిందికి, సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. ఆయన బోటు నడిపే సరంగు. వేటకి వెళితే నాలుగైదు రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. ఆవిడ ఎండుచేపలు అమ్ముతుంది. ఆయనకు షుగరు ముదిరి మాత్రలు దాటి ఇన్సులిన్ సూది దాకా వచ్చింది. ఇంట్లో ఉన్న మిషను ఒకసారి నూట ఇరవై చూపిస్తే, పది నిమిషాలాగి చూస్తే మూడొందలు చూపిస్తోందట.

“ఏంటండి అన్నయ్యగారూ ఇది, నోటికొచ్చినట్టు చెబతంది?” అంటూ ఆవిడ దాన్ని నా బల్ల మీద పెట్టింది.

మిషనులో దోషమేమీ లేదు. రక్తపు చుక్క అంటించే స్ట్రిప్పులున్న డబ్బా మూత వదులైపోయింది. సముద్రపు గాలికి స్ట్రిప్పులన్నీ తేమ పట్టేశాయి. ఆ మాటే చెప్పాను.

సరంగు నవ్వాడు. “బోటు మీద తేమ లేకుండా ఎట్టా ఉంటదండి? అక్కడ మేవే సగం నానిపోతాం.”

ఆవిడ నవ్వలేదు. “ఈయన సముద్రం మీద ఉంటే ఒడ్డున నాకు ముద్ద దిగదండి. ఆ నెంబరెంతో ఫోన్లో చెప్తేనే కాస్త నెమ్మదిగా ఉంటది. నెంబరు నిజం చెప్పేది ఒకటి మీరే చూసి పెట్టండి అన్నయ్యగారూ. మీరు ఏది చెప్తే అదే కొంటాం.”

ఏది చెప్తే అది. ఆ మాట నాకు బాగా ఎక్కింది. నేనసలే మెచ్చుకుంటే పొంగిపోయే మనిషిని. ఆ వారమంతా నాకు వేరే పని లేనట్టు ప్రవర్తించాను. ఊళ్ళో మందుల షాపుల నుంచి, తెలిసినవాళ్ళ నుంచి నాలుగు రకాల మిషన్లు సంపాదించి బల్ల మీద వరసగా పెట్టాను. నా వేళ్ళు పొడుచుకున్నాను, ఫార్మసిస్టు వేళ్ళు పొడిచాను. అదే సమయంలో నరం నుంచి తీసిన రక్తాన్ని పెద్ద మిషనులో వేసి ఏది దగ్గరగా వస్తుందో చూశాను.

“గురువుగారూ, మిషనుకేముందండి, ఎవరైనా అంటగడతారు. దాని స్ట్రిప్పులు రేపల్లెలో దొరకాలి. వాళ్ళను నెలనెలా తెనాలి పరిగెత్తించకండి. అలాగే నా వేళ్ళను ఇక వదిలెయ్యండి” అన్నాడు ఫార్మసిస్టు.

స్ట్రిప్పుల మాట మంచిదే, ఒప్పుకున్నాను. చివరికి ఒకటి తేలింది. పెద్ద మిషనుకు దగ్గరగా చెబుతోంది. చిన్న చుక్క చాలు. అంకెలు లావుగా కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, స్ట్రిప్పులు డబ్బాలో కలగలుపుగా ఉండవు. ఒక్కొక్కటి విడివిడిగా రేకు కాగితంలో చుట్టి ఉంటాయి. చింపితేనే గాలి తగులుతుంది. బోటు మీదికి ఇంతకంటే ఏం కావాలి? నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాళ్ళు కొని తెచ్చుకున్నారు. ఎలా వాడాలో నేనే నేర్పాను. సముద్రం మనుషులు కదా, ముందు చేతులు మంచినీళ్ళతో కడిగి తుడుచుకోమన్నాను, మిషనును ఎండలో పెట్టొద్దన్నాను. ఆవిడ బెదిరిపోతూ పట్టుకుంటే, భయం పోగొడదామని నవ్వుతూ ఒక మాట అన్నాను. “స్ట్రిప్పు దూర్చగానే కుయ్ మంటుంది చూడమ్మా. అది నిన్ను పలకరించడం. అది పలకరించాక నువ్వు రక్తం ఇస్తే, నెంబరు చెబుతుంది.”

ఆవిడ ముచ్చట పడిపోయింది. “పలకరిస్తదా! మా తోటికోడలి కంటే నయవే.”

మిషనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో చివరి పేజీ ఒకటుంటుంది. అంకె కాకుండా అక్షరాలు కనబడితే దాని అర్థం ఏమిటో అందులో ఉంటుంది. షుగరు మిషను కొలవలేనంత పెరిగిపోతే ఇంగ్లీషులో ‘హై’ అని హెచ్, ఐ రెండక్షరాలు వస్తాయి. మరీ పడిపోతే ‘లో’ అని వస్తుంది. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. ఆ పేజీ దగ్గరికి వచ్చాను. అసలే బెదిరిన మనిషి, ఇంకా ఎందుకు హడలగొట్టడం అనుకుని పుస్తకం మూసి నా సొరుగులో పడేశాను.

సిస్టర్ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. వాళ్ళు వెళ్ళాక అంది. “సార్, మీరు చెప్పిందంతా ఆవిడ చేత ఒకసారి అప్పజెప్పించుకుంటే బాగుండేదండి. ఆవిడకేం అర్థమైందో తెలిసేది.”

“ఇదేమన్నా ఒకటో తరగతా సిస్టర్, అప్పజెప్పించుకోవడానికి?” అన్నాను. సిస్టర్ తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఐదారు నెలలు అంతా బాగానే నడిచింది. సరంగు వేట నుంచి వచ్చినప్పుడల్లా నోటుబుక్కులో రాసుకున్న అంకెలు తెచ్చి చూపించేవాడు. నేను ఫార్మసిస్టుకి వినబడేలా చదివేవాణ్ణి.

ఆ శనివారం బంధువుల ఇంట్లో శుభకార్యం ఉందని పర్మిషన్ పెట్టి మధ్యాహ్నం బండెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. బండి రేపల్లెలో కదులుతుండగా ఫోను మోగింది. ఆవిడే.

“అన్నయ్యగారూ, మిషను పాడైనట్టుందండి. పలకరిస్తంది గానీ నెంబరు చెప్పట్లేదండి.”

“శబ్దం వస్తోందా?”

“వస్తందండి. పలకరించి ఊరుకుంటంది.”

“బ్యాటరీ అయిపోయి ఉంటుందమ్మా. సోమవారం పట్రా, చూస్తాను.”

“ఆయనకి కూడా ఒంట్లో నలతగా ఉందండి...”

“అయితే ఇద్దరూ రండి సోమవారం” అని పెట్టేశాను. ఇవే మాటలు, ఒక్క మాట కూడా మార్చలేదు. ఆ తర్వాత కిటికీలోంచి గాలి తగులుతుంటే హాయిగా కళ్ళు మూసుకున్నాను.

భట్టిప్రోలు వచ్చేసరికి ఏదో గుచ్చుతోంది. బ్యాటరీ అయిపోతే శబ్దమెలా వస్తుంది? కొస ప్రాణంతో ఉంటే ఒకసారి కుయ్ మని ఆగిపోతుందేమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. కళ్ళు తెరిచాను. ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. తల్లీకూతుళ్ళు కాబోలు, తల్లి చేతిలో ఫోను.

“ఇదుగో, మీ పిన్ని ‘హాయ్’ పెట్టింది” అంది తల్లి.

“నీకు ఇంగ్లీషు చదవడం ఎప్పుడొచ్చిందే అమ్మా?”

“చదవడమేంటి, రోజూ పొద్దున్నే అదే పెడుతుంది కదా. ఆ రెండక్షరాల బొమ్మ నాకు కంఠతా వచ్చు.”

పలకరిస్తోంది అంటే కుయ్ మనడం కాదు. మిషను మీద కనిపించింది చూసి చెబుతోంది ఆవిడ. ‘హై’ అనే రెండక్షరాలు. ఫోనులో రోజూ అందరూ పంపుకునే ‘హాయ్’ కూడా ఆ రెండక్షరాలే! మిషను పలకరిస్తుందని నేర్పిన మహానుభావుణ్ణి నేనే. అది హాయ్ అంటూంటే ఆవిడ నమ్మక ఏం చేస్తుంది?

వెంటనే ఫోను చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. వేమూరులో బండి ఆగితే సంచీ పట్టుకుని దిగేశాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. వెనక్కి పోవాలి, అంతే. బండి వెళ్ళిపోయాక చూసుకుంటే ప్లాట్‌ఫారం మీద నేనొక్కణ్ణే. రేపల్లె వెళ్ళే బండి ఇప్పట్లో లేదు. చచ్చాంరా దేవుడా అనుకుంటూ సిస్టర్‌కి ఫోను చేశాను.

చెబుతుంటే నా మాటలు తడబడ్డాయి. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, “సార్, మీరు ముందు ఎక్కడైనా కూర్చోండి. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు నా దగ్గరుంది. నేను చూస్తాను” అని పెట్టేసింది. “నేను ఆ రోజే చెప్పానుగా” అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కూర్చోలేకపోయాను. ఆ చివర నుంచి ఈ చివరకి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తిరుగుతూ లెక్క వేస్తున్నాను. ఎప్పటి నుంచి ‘హై’ వస్తోంది? నలత అంది, ఏం నలత? మాట్లాడుతున్నాడా, లేదా? సోమవారం దాకా ఆగమన్నాను. సోమవారం దాకా! ఆ మనిషికి ఏమైనా అయితే అది మిషను చేసింది కాదు, సముద్రం చేసింది కాదు. నేను చేసింది. నా సర్వీసులో ఎన్నో రిపోర్టుల్లో ఎన్నో అంకెలు సరిచూసి సంతకం పెట్టాను, ఒక్క అంకె తప్పు పోకూడదని ఒంటికాలి మీద లేచేవాణ్ణి. అలాంటిది అంకె కాని రెండక్షరాల దగ్గర దొరికిపోయాను.

ఇరవై నిమిషాలకు సరంగు భార్యే ఫోను చేసింది. చార్జింగు అయిపోతే పక్కింట్లో పెట్టిందట.

“అమ్మా, మిషను మీద ఏం కనిపిస్తోంది? ఉన్నదున్నట్టు చెప్పు.”

“హాయ్ అంటందండి బాబూ. నిన్నటి నుంచి మూడుసార్లు చూశా. మూడుసార్లూ హాయ్ అని ఊరుకుంది.”

“ఆయన ఏం చేస్తున్నాడు?”

“పడుకున్నాడండి. కాల్లో చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టింది, జొరం. రెండ్రోజుల్నించి వాంతులు. అన్నం తిననోడికి సూదెందుకని సూది కూడా ఆపేశాం. ఇందాకటి దాకా నీళ్ళు నీళ్ళన్నాడు. ఇప్పుడు మత్తుగా నిద్రపోతన్నాడు. నిద్ర మంచిదేగా అని లేపలేదండి.”

“లేపు” అన్నాను. అరిచాననుకుంటాను. “లేపి చూడమ్మా!”

ఫోను కింద పెట్టిన చప్పుడు. ఆవిడ పిలుస్తోంది. “ఏవయ్యో... ఇదుగో నిన్నే... లెగవయ్యా...” మళ్ళీ మళ్ళీ పిలుస్తోంది. జవాబు లేదు. పిలిచే గొంతు మారిపోతోంది. వేమూరు ప్లాట్‌ఫారం మీద ఫోను చెవికి నొక్కుకుని నేను వింటూ నిలబడ్డాను. అంతకు మించి చేయగలిగింది ఏమీ లేకపోయింది. పిల్లలూ, ఉద్యోగంలో అంతకంటే పెద్ద శిక్ష నేను అనుభవించలేదు.

అప్పుడు అటువైపు ఇంకెవరిదో గొంతు వినబడింది. ఆశా కార్యకర్త వచ్చేసింది. “అంబులెన్సు వస్తంది, బాపట్ల తీసుకెళ్తాం” అన్న మాట చెవిన పడింది. ఫోను ఆగిపోయింది.

ఆటో పట్టుకుని తెనాలి వచ్చి, అక్కణ్ణించి రైల్లో బాపట్ల చేరాను. వేమూరులో దిగకుండా ఉంటే ఇంకా ముందే చేరేవాణ్ణి. దారి పొడుగునా ఇంటి నుంచి ఫోన్లు, శుభకార్యానికి వస్తున్నావా లేదా అని. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి ఆయనకు సెలైన్లు, ఇన్సులిన్ ఎక్కుతున్నాయి. తెలివి ఇంకా పూర్తిగా రాలేదు, పిలిస్తే మూలుగుతున్నాడు. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. ల్యాబ్‌లో ఉన్న కుర్ర టెక్నీషియన్ నేను ఇదే ఉద్యోగమని తెలిసి రిపోర్టు చూపించాడు. ఆ అంకె ఇక్కడ రాయను. రాస్తే మీరు దాన్నే గుర్తుంచుకుంటారు.

మంచం పక్కన డ్యూటీ డాక్టరు ఆవిడను నిలదీస్తున్నాడు. చిన్నవాడు, అలిసిపోయి ఉన్నాడు.

“ఇంతసేపు ఎందుకు ఆగారమ్మా? ఇంట్లో మిషనుంది అంటున్నారు, చూసుకోలేదా? ఎవరినీ అడగలేదా?”

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత డాక్టరువైపు తిరిగి, “మిషను పాడైందనుకున్నామండి. నాకే తెలీలేదండి. నాదే తప్పు” అంది.

“చదువు లేకపోతే ఇదే చిక్కు” అన్నాడు డాక్టరు విసుగ్గా.

నోరు తెరవాల్సింది నేను. ‘ఈవిడ అడిగింది, సోమవారం రమ్మన్నది నేనే’ అనాల్సింది. ఇంకా రెండేళ్ళు సర్వీసుంది, ఎంక్వయిరీలు, మెమోలు, ఫార్మసిస్టు మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. నేను గోడ మీద ఏదో కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాను. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రాత్రికి ఇల్లు చేరాను. మర్నాడు పొద్దున్నే ఆయనకు పూర్తిగా తెలివొచ్చింది. సిస్టర్ ఫోను చేసి చెబితే దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కాలి వేళ్ళు మాత్రం రెండు తీసేయాల్సి వచ్చింది.

నెలన్నర తర్వాత వాళ్ళు రేపల్లె వచ్చారు. సరంగు చంక కింద కర్ర. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, “ఏంటండి, మీ పలకరింపుల మిషను నన్ను పైకి పంపించబోయిందంటగా” అని నవ్వి, కట్టు కట్టించుకోవడానికి సిస్టర్ గదిలోకి వెళ్ళాడు. ఆవిడ ల్యాబ్ గుమ్మంలో నిలబడింది.

ఇంక ఆగలేకపోయాను. “అమ్మా, నీదే తప్పని డాక్టరు ముందు చెప్పావు. నీ తప్పేమీ లేదు. మిషను పలకరిస్తుందని చెప్పింది నేను. సోమవారం రమ్మన్నదీ నేను. ఆ రోజు అక్కడే ఉండి నోరు మూసుకున్నాను” అన్నాను.

“తెలుసండి” అంది ఆవిడ. “మీరు చెప్తారేమోనని చూశానండి.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎదురుగా ఫార్మసిస్టు, పక్క గదిలో సిస్టర్ ఇద్దరూ వింటున్నారని తెలుసు. వినాలనే గట్టిగా చెప్పాను.

“కోపం రాలేదా అమ్మా నా మీద?”

“రాకేం. బాగా వచ్చింది. ఆ చదువు మాట అన్నప్పుడు మరీ వచ్చింది. కానీ ఆ ఆశా అమ్మాయిని పంపించింది మీరేనంట కదా, సిస్టరమ్మ చెప్పింది. రెండూ నాకు గుర్తుంటాయి అన్నయ్యగారూ.” అంటూ ఆవిడ సంచీలోంచి మిషను తీసింది. అదే మిషను. నేను ఎంచి పెట్టినదే. విసిరికొడుతుందేమో అనుకున్నాను. బల్ల మీద నా ముందు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

“అంకెలు కాకుండా దీనికి ఇంకా ఏమేం మాటలొచ్చో ఒక్కటి కూడా దాచకుండా అన్నీ చెప్పండి. ఏ మాటంటే నేనేం చెయ్యాలో కూడా చెప్పండి. తర్వాత నేను అప్పజెప్తాను, తప్పు పోతే కొట్టండి.”

సొరుగులోంచి ఆ చిన్న పుస్తకం తీశాను. చివరి పేజీ తెరిచాను. ఆవిడ మూడుసార్లు అప్పజెప్పింది. ఆ సాయంత్రం బండి నాకు అందలేదు.